ఇంట్లో చేసిన సర్క్యూట్ బోర్డు: శుభ్రతకు ద్రావణి ఎంపిక

సర్క్యూట్ బోర్డును కడిగే ద్రావణిని దాని ఘాటు చూసి కాదు, బోర్డు మీద ఏం మిగిలిందో చూసి ఎంచుకోవాలి. ఇంట్లో చేసే బోర్డుకు మురికి మూడు దశల్లో అంటుతుంది. ఇస్త్రీ పెట్టెతో రాగి మీదకు దించిన లేజర్ టోనర్ ప్లాస్టిక్ జాతిది, ఎసిటోన్‌కు ఇట్టే ఊడుతుంది. అనవసరమైన రాగిని తినేసే ఫెర్రిక్ క్లోరైడ్ లవణం కాబట్టి దానికి ధారాళమైన నీళ్లే చాలు. అసలు చిక్కంతా సోల్డరింగ్ తర్వాత మిగిలే ఫ్లక్స్‌తోనే. అందులో పైన్ చెట్టు రోజిన్‌తో పాటు, లోహం మీది తుప్పును తీసే యాక్టివేటర్లూ ఉంటాయి. పెట్రోలు రోజిన్‌ను కొంత కరిగించినా యాక్టివేటర్ల లవణాలను వదిలేస్తుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ రోజిన్‌ను బాగా కరిగిస్తుంది, లవణాలనూ కొంతవరకు తీసుకుపోతుంది. ఎసిటోన్ కూడా రోజిన్‌ను కరిగిస్తుంది కానీ, విడిభాగాలు బిగించాక వాడితే కొన్ని స్విచ్‌ల, కనెక్టర్ల ప్లాస్టిక్‌ను మెత్తబరుస్తుంది.

రోజిన్ విద్యుత్తును పోనివ్వదు కదా, కడగడమెందుకని అడగవచ్చు. బాగా వేడెక్కి గట్టిపడిన మామూలు రోజిన్‌ను కదపకుండా వదిలేయడం నిజంగానే మేలు. సగం తుడిచి వదలడమే ప్రమాదం: యాక్టివేటర్లను కప్పి ఉంచిన పొర పోతుంది, అవి మాత్రం బోర్డు మీదే పరుచుకుంటాయి. పాత ఖమ్మం జిల్లా నుంచి 2016లో విడిపోయిన భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో, అడవి అంచున ఉన్న దమ్మపేట లాంటి చోట ఈ తేడా తెలుస్తుంది. వానాకాలపు తేమకు ఆ లవణాలు తడిసి రెండు రాగి గీతల మధ్య సన్నగా కరెంటు పారుతుంది. డీసీ వోల్టేజి ఉంటే లోహం మొలకల్లా పెరిగి షార్ట్ కూడా కావచ్చు. పామాయిల్ తోటలో బోరు మోటారు పెట్టెలోకి చేరే నీటిమట్టం సర్క్యూట్ అతి స్వల్ప కరెంటునే కొలుస్తుంది కనుక, దాన్ని తప్పుదారి పట్టించడానికి ఆ పాటి లీకేజీ చాలు.

అందుకే తుడవడం కన్నా కడగడం ముఖ్యం. బ్రష్‌తో రుద్ది, మురికి ద్రవాన్ని వంపేసి, కొత్త ఆల్కహాల్‌తో మరోసారి జాడించాలి. బోర్డు మీదే ఆరనిస్తే తెల్లటి మరక మిగులుతుంది. ఇంట్లో ఉన్న శానిటైజర్ చాలదా? ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రంలోనే 1.45 శాతం గ్లిసరాల్ ఉంది. అది చర్మానికి మంచిదే గానీ, గాలిలో తేమను లాగుతుంది. గోళ్ల రంగు తీసే ద్రవాల్లో నూనెలు కలుపుతుంటారు. ఒకప్పుడు కర్మాగారాలు మెచ్చిన సీఎఫ్‌సీ-113ను ఓజోన్ పొర కోసం 1987 నాటి మాంట్రియల్ ఒప్పందం పక్కకు నెట్టింది.

చవకలో థిన్నర్ ఉందనే వాదన నిలవదు. అందులో తరచూ టోలీన్ ఉంటుంది, పాళ్లు డబ్బాకొక రకం. ఆల్కహాల్ కూడా నిరపాయం కాదు: దాని ఆవిరి సుమారు 12 డిగ్రీల సెల్సియస్ దగ్గరే అంటుకోగలదు. దమ్మపేట చలికాలపు పగళ్లూ అంతకన్నా వెచ్చనివే కనుక, సీసా మూత తీసేముందు సోల్డరింగ్ ఐరన్ ప్లగ్గు తీసి, అది చల్లారేదాకా ఆగాలి.