యుఫోనియంలో నీళ్లు ఎవరి ఎంగిలి?



మన వాద్యాల చరిత్ర మీద రాస్తున్న ఈ వరుసలో ఇవాళ బ్యాండు మేళంలో అందరికంటే తక్కువ పేరున్న వాద్యం గురించి. దాని పేరు యుఫోనియం. ట్రంపెట్ వాయించేవాడు పాట ఎత్తుకుంటాడు కాబట్టి అందరూ అతన్నే చూస్తారు. డ్రమ్ము చుట్టూ పిల్లకాయలు ఎగురుతారు. పసిబిడ్డను ఎత్తుకున్నట్టు పెద్ద ఇత్తడి గొట్టాన్ని పొట్టకు ఆనించుకుని, కింది స్వరాలను మోసే మనిషిని మాత్రం ఎవరూ పట్టించుకోరు. జనం అతని వైపు చూసేది ఒకే ఒక్కసారి. పాట ఆగాక అతను చిన్న మీట నొక్కి, గొట్టంలోని నీళ్లు కింద వదిలినప్పుడు. చూసి పక్కకు జరుగుతారు. "ఎంగిలి" అంటారు.

ఆ నీళ్లు ఏమిటో, ఆ మాట ఎక్కడిదో తెలుసుకుందాం.

ముందు నీళ్ల సంగతి. యుఫోనియం గొట్టాన్ని సాగదీస్తే దాదాపు 9 అడుగులు ఉంటుంది. మన ఊపిరితిత్తుల్లో గాలి 37 డిగ్రీల వేడితో, నిండా ఆవిరితో ఉంటుంది. ఆ గాలి చల్లటి ఇత్తడికి తగిలితే ఆవిరి నీరవుతుంది. వేడి అన్నం గిన్నె మీది మూత తిప్పి చూడండి, లోపలి వైపు చుక్కలు ఉంటాయి. ఇదీ అంతే. కొంచెం ఉమ్మి కలవచ్చు గానీ అందులో ఎక్కువ భాగం ఊపిరి ఆవిరే. ఇంగ్లీషువాళ్లు కూడా ఆ మీటను 'స్పిట్ వాల్వ్' అని తప్పుగానే పిలిచారు. తెలిసినవాళ్లు 'వాటర్ కీ' అంటారు.

మన ప్రాంతంలో ఈ సంగతి కళ్లతో చూడొచ్చు. మే నెలలో తిరుపతి గంగమ్మ జాతర రోజుల్లో మధ్యాహ్నం వాయిస్తే ఇత్తడి ఊపిరికంటే వేడిగా ఉంటుంది, నీళ్లు దాదాపు పట్టవు. అదే మనిషి, అదే వాద్యం, మార్గశిరంలో మదనపల్లెలో రాత్రి పెళ్లికి వెళితే నాలుగు పాటలకే గొట్టంలో గుడగుడ మొదలవుతుంది. మదనపల్లె దాదాపు 700 మీటర్ల ఎత్తున ఉంది, చలి ఎక్కువ. ఉమ్మే అయితే ఎండాకాలం కూడా అంతే రావాలి కదా?

ఇప్పుడు చరిత్ర. యుఫోనియం జర్మనీలో 1843లో పుట్టింది. వైమర్ పట్టణానికి చెందిన సోమర్ దాన్ని తయారుచేశాడని చెబుతారు. అవే సంవత్సరాల్లో పారిస్‌లో అడాల్ఫ్ సాక్స్ ఇలాంటి వాద్యాల కుటుంబాన్నే తయారుచేశాడు. నడుస్తూ, గుర్రమెక్కి, ఆరుబయట వాయించడానికి పనికొస్తాయి కాబట్టి సైన్యాలు వీటిని ఎగబడి కొన్నాయి. బ్రిటిష్ రెజిమెంట్లతో అవి మన దేశంలోని కంటోన్మెంట్లకు వచ్చాయి. 1885లో మీరట్‌లో నాదిర్ అలీ కంపెనీ మొదలైంది. బ్యాండు వాద్యాలకు మీరట్ పెద్ద కేంద్రమయ్యాక కవాతు మైదానంలోని ఇత్తడి పెళ్లి ఊరేగింపులోకి నడిచొచ్చింది.

మన వైపు మిషన్ల చరిత్ర కూడా ఉంది. అమెరికన్ ఆర్కాట్ మిషన్ 1853లో మొదలై చిత్తూరు, మదనపల్లెల్లో పనిచేసింది. 1860ల నుంచి జర్మనీలోని హెర్మన్స్‌బర్గ్ లూథరన్ మిషనరీలు నాయుడుపేట నుంచి తిరుపతి దాకా విస్తరించారు. ఆ పని నుంచే 1945లో సౌత్ ఆంధ్ర లూథరన్ చర్చి ఏర్పడింది. ఇత్తడి వాద్యాలతో కీర్తనలు వాయించడం జర్మన్ లూథరన్ల పాత అలవాటు. పల్లెలో గుడి గడప దాటనివ్వని మనుషులకు చర్చి లోపల కూర్చుని పాడే చోటు దొరికింది.

ఇక్కడ ఒక విషయం గమనించండి. మన ఊళ్లలో ప్రతి వాద్యం మీదా కులం పేరు రాసి ఉంది. పలక మాదిగలది. నాదస్వరం, డోలు మంగలివాళ్లవి. వీణ అగ్రహారానిది. సముద్రం దాటొచ్చిన ఇత్తడి మీద మాత్రం ఏ కులం పేరూ రాసి లేదు. అందుకే దళితులు, ముస్లింలు, మంగలివాళ్లు ఒకే బ్యాండులో, ఒకే రంగు కోటు వేసుకుని నిలబడగలిగారు. నా దృష్టిలో అది చిన్న విషయం కాదు.

కులం ఊరుకుంటుందా? వాద్యం మీద పేరు రాయలేక, అందులోంచి కారిన నీళ్ల మీద రాసింది.

పీష్వాల రాజ్యంలో పూనాలో అంటరానివాళ్లు మెడలో మట్టి ముంత కట్టుకుని తిరగాల్సి వచ్చేదని, వాళ్ల ఉమ్మి నేల మీద పడితే తొక్కిన హిందువు మైలపడతాడని భయమని బాబాసాహెబ్ 1936లో 'కుల నిర్మూలన'లో రాశారు. ఆ ముంతను, ఈ వాటర్ కీని పక్కపక్కన పెట్టి చూడండి. శంఖం కూడా నోటితోనే ఊదుతారు. అందులోకీ ఊపిరి పోతుంది, ఉమ్మి పోతుంది. దాన్ని చూసి ఎవరూ పక్కకు జరగరు. నాదస్వరం పీకను నోట్లో తడిపితేగానీ పలకదు. దానికి మంగళవాద్యమని పేరుపెట్టి, ఊదే మనిషిని మాత్రం పంక్తికి దూరంగా కూర్చోబెట్టిన ఊళ్లు ఎన్ని లేవు? అంటే గొడవ తడితో కాదు. ఆ తడి ఎవరి నోటిదన్నదే గొడవ.

తడితో ఎలా మెలగాలో మనవాళ్లకు ఎవరూ నేర్పక్కర్లేదు. పలక కొట్టే తాత మంచుకు తోలు సడలితే గడ్డి మంట వేసి కాచి బిగువు తెచ్చేవాడు. యుఫోనియం పట్టిన మనవడిదీ అదే విద్య, లోహం మీద. వాటర్ కీ ఒక్కటే చాలదు. వాల్వులకు ఉన్న చిన్న స్లైడుల్లో కూడా నీళ్లు నిలుస్తాయి. ముందు ఆ వాల్వు నొక్కి, తర్వాత స్లైడు లాగాలి. నొక్కకుండా లాగితే లోపల గాలి పట్టేసి 'టప్'మని ఊడుతుంది, బిగువు చెడుతుంది. నీళ్లు వంచి, గుడ్డతో తుడిచి, పలచగా వ్యాజలిన్ రాసి మళ్లీ పెట్టాలి. పిస్టన్లకు పలచటి వాల్వ్ ఆయిలే వేయాలి. కొబ్బరి నూనె వేస్తే 24 డిగ్రీల కింద గడ్డకట్టి చలిరాత్రి పిస్టన్ పైకి లేవదు. టీ తాగి వెంటనే ఊదకూడదు. నోరు పుక్కిలించాలి, లేకపోతే చక్కెర లోపల జిగురవుతుంది.

చేయకపోతే? ఇత్తడి అంటే రాగి, జింకు. ఊపిరిలోని కార్బన్ డయాక్సైడ్ కలిసిన నీళ్లు రోజుల తరబడి నిలిస్తే జింకు కరిగిపోతుంది. ఎర్రటి మచ్చలు లేస్తాయి, గొట్టం లోపలి నుంచి పుచ్చిపోతుంది. స్లైడు పట్టేస్తుంది. పట్టేసిన స్లైడుతో ఇంకో అవమానం ఉంది. గాలి వేడెక్కితే శబ్దం వేగం డిగ్రీకి సెకనుకు 0.6 మీటర్ల చొప్పున పెరుగుతుంది, శ్రుతి పైకి పోతుంది. అప్పుడు పెద్ద స్లైడును కొంచెం బయటికి లాగాలి, చలిలో లోపలికి నెట్టాలి. అది కదలకపోతే కీబోర్డుతో శ్రుతి కలవదు. వినేవాళ్లు "బ్యాండోళ్లకు శ్రుతి తెలీదు" అనేస్తారు. స్లైడు తుడుచుకోవడానికి పది నిమిషాలు, కూర్చోవడానికి చోటు, ఒక చెంబెడు నీళ్లు ఇవ్వని పెళ్లివారే ఆ మాట అంటారు.

మృదంగం తయారుచేసే దళిత క్రైస్తవ కుటుంబాల మీద టి.ఎం. కృష్ణ 2020లో 'సెబాస్టియన్ అండ్ సన్స్' రాశారు. పెళ్లి బ్యాండ్ల మీద గ్రెగరీ బూత్ 2005లో 'బ్రాస్ బాజా' రాశాడు. చిత్తూరు, తిరుపతి బ్యాండు మనుషుల చరిత్రను మనమే రాయాలి.

యూనివర్సిటీలో చదివే తమ్ముళ్లకు, చెల్లెళ్లకు ఒక పని చెబుతున్నా. మీ వాడలో ముసలి బ్యాండు పెద్దాయన ఉంటారు. సీజన్ లేని ఆషాఢంలో వెళ్లి కూర్చోండి. ఏ నూనె వాడారు, పట్టేసిన స్లైడును ఎలా విడిపించారు, ఏ ఊళ్లో ఎక్కడ కూర్చోబెట్టారు, అన్నం ఎప్పుడు పెట్టారు, అన్నీ అడిగి రాసుకోండి, రికార్డు చేయండి. పనితనం, అవమానం రెండూ ఒకే నోటి నుంచి వింటారు. పెళ్లి పిలుపు వచ్చిన ఇళ్లలో మాత్రం గట్టిగా చెప్పండి: మేళం వాళ్లకు కుర్చీ, మంచినీళ్లు, మొదటి పంక్తిలో అన్నం. అది దయ కాదు, కూలితో పాటు ఇవ్వాల్సిన బాకీ.

వచ్చే భాగంలో పలక తోలు గురించి.

జై భీమ్.