బహుభాషా వ్యవహారం – ఆలోచన (కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతం)

నిత్యజీవితంలో ఒకటికి మించిన భాషలు వాడటాన్ని బహుభాషా వ్యవహారం అంటారు. మాట తీరు మీద, తన ఆలోచన మీద మనిషికుండే ఎరుకను ఇది ఎంతవరకు పెంచుతుందన్నది మనోవిజ్ఞాన శాస్త్రంలో చాలాకాలంగా చర్చలో ఉన్న విషయం. తెలంగాణలోని కామారెడ్డి జిల్లా ఈ వ్యవహారానికి సహజమైన నెలవు.

నేపథ్యం

2016 అక్టోబర్ 11న నిజామాబాద్ నుంచి విడివడిన ఈ జిల్లాలో కామారెడ్డి, ఎల్లారెడ్డి, బాన్సువాడ రెవెన్యూ డివిజన్లు ఉన్నాయి. పడమట మద్నూర్, జుక్కల్ ప్రాంతాలు మహారాష్ట్ర, కర్ణాటకలను ఆనుకొని ఉంటాయి. తెలుగుతో పాటు ఉర్దూ, మరాఠీ, కన్నడ, తండాల్లో లంబాడీ వినిపిస్తాయి. నిజాం పాలనలో ఉర్దూ అధికార భాష. పట్వారీ, పహాణీ, దరఖాస్తు వంటి మాటలు నేటికీ రైతుల నోట ఉన్నాయి.

భాషల మధ్య తేడాలు

తెలుగులో 'మనం' అంటే వినేవారూ కలుస్తారు, 'మేము' అంటే కలవరు. మరాఠీలోనూ 'ఆపణ్', 'ఆమ్హీ' అని ఈ తేడా ఉంది. ఉర్దూలో రెండింటికీ 'హమ్' ఒక్కటే. ఉర్దూ 'కల్' నిన్న కావచ్చు, రేపూ కావచ్చు. క్రియను చూసి తేల్చుకోవాలి. మరాఠీ 'కాల్' నిన్న మాత్రమే, రేపటికి 'ఉద్యా' అనాలి. ఇంటిని రెండు భాషలూ 'ఘర్' అనే అంటాయి. ఉర్దూలో అది పుంలింగం, మరాఠీలో నపుంసకలింగం. దక్కనీ ఉర్దూ తెలుగు 'అని' పద్ధతిలోనే 'బోల్‌కే' వాడుతుంది.

ఇలాంటి తేడాలు తెలిసినవారికి పేరు వేరు, వస్తువు వేరు అన్న సంగతి తేలిగ్గా పట్టుబడుతుంది. దీన్ని భాషా స్పృహ అంటారు. మరో భాష నేర్చినప్పుడు సొంత భాష కూడా అనేక పద్ధతుల్లో ఒకటిగా కనిపిస్తుందని రష్యన్ మనోవైజ్ఞానికుడు లెవ్ వైగోత్‌స్కీ 1934లో వెలువడిన గ్రంథంలో వివరించారు.

పరిశోధనలు

రెండు భాషలు పిల్లల బుద్ధిని తికమకపెడతాయన్న పాత నమ్మకాన్ని 1962లో మాంట్రియల్‌లో పీల్, లాంబర్ట్ జరిపిన అధ్యయనం కదిలించింది. ఒడిశాలో కుయి, ఒడియా రెండూ మాట్లాడే కోంధ్ పిల్లల్లో భాషా స్పృహ మెరుగ్గా ఉందని అజిత్ మహంతి గుర్తించారు. అయితే బహుభాషలు మొత్తం బుద్ధిచురుకునే పెంచుతాయన్న వాదన అంతగా నిలవలేదు. పెద్దలపై జరిగిన 152 అధ్యయనాలను 2018లో కలిపి పరిశీలించగా, అందుకు గట్టి ఆధారం దొరకలేదు.

వృద్ధాప్యంలో

హైదరాబాద్ నిమ్స్‌లో సువర్ణ అల్లాడి బృందం 648 మంది మతిమరుపు వ్యాధిగ్రస్తులను పరిశీలించి 2013లో ఫలితాలు ప్రచురించింది. వారిలో 391 మంది రెండు లేదా అంతకుమించి భాషలు తెలిసినవారు. ఒకే భాష తెలిసినవారికంటే వీరిలో వ్యాధి సగటున నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలైంది. మూడో భాష వల్ల అదనపు మేలు కనిపించలేదు. బడి ముఖం చూడనివారిలో కూడా ఈ తేడా ఉంది.