వాగు, దోమ, మనిషి: సరిహద్దు గ్రామాలలో మలేరియా

మహారాష్ట్రలో మలేరియా అధికంగా నమోదయ్యే జిల్లాలలో గడ్చిరోలి ఒకటి. జిమల్‌గట్ట, సిరొంచ ప్రాంతాల దట్టమైన అడవులు, వాగులు, వర్షాలు ఈ వ్యాధికి అనుకూలమైనవి. దీనికి కారణం ప్లాస్మోడియం అనే పరాన్నజీవి. దోమ కడుపులో దీనిని 1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో రోనాల్డ్ రాస్ కనుగొన్నారు.

దోమలన్నీ మురుగునీటిలోనే పుడతాయనుకోవడం పొరపాటు. మలేరియాను వ్యాపింపజేసే ఎనాఫిలిస్ జాతులు వాగు అంచులు, వరి మళ్ళు, మడుగులలోని తేటనీటిలో గుడ్లు పెడతాయి. ఆడ దోమ రాత్రివేళ రోగిని కుట్టినపుడు పరాన్నజీవి దానిలో చేరుతుంది. సుమారు రెండు వారాలలో అక్కడ వృద్ధి చెంది, తదుపరి కాటుతో మరొకరికి సోకుతుంది.

దోమ సాధారణంగా కొద్ది కిలోమీటర్లకు మించి ఎగరదు. వ్యాధిని దూరం చేర్చేది మనిషి ప్రయాణమే. మిరప ఏరడానికి ప్రాణహిత, గోదావరి దాటి తెలంగాణకు వెళ్ళి వచ్చేవారి రక్తంలో, జ్వరం లేకున్నా, పరాన్నజీవి ఉండవచ్చు. కనుక ఒక ఒడ్డున మాత్రమే మందు చల్లితే వ్యాధి తొలగదు.

ఫాల్సిపారం రకం మెదడుకు సోకి ప్రాణాంతకం కాగలదు. గర్భిణులకు, పసిపిల్లలకు ప్రమాదం మరీ ఎక్కువ. వైవాక్స్ రకం కాలేయంలో దాగి, నెలల తరువాత తిరగబెడుతుంది.

కావున జ్వరం వచ్చిన రోజే, ఏ ఒడ్డున ఉన్నా, ఆశా కార్యకర్త వద్ద లేదా ప్రభుత్వ ఆసుపత్రిలో రక్తపరీక్ష చేయించుకోవాలి. జ్వరం తగ్గినా మందులు పూర్తిగా వాడాలి. పొలం కాపలాకు, కూలికి వెళ్ళేటప్పుడు దోమతెరను వెంట తీసుకుపోవాలి.