సికింద్రాబాదు పాత గోడలలో రాతినార: పదం, పదార్థం, గుర్తింపు

ప్రవేశిక

మూడవ నిజాం సికందర్ జా పేరుతో 1806లో ఏర్పడిన సికింద్రాబాదులో ఒకే ఇంటిలో మూడు కాలాల గోడలు కనిపించడం అరుదు కాదు. గానుగసున్నంతో కట్టిన మందపాటి గోడ, దానికి ఆనించి వేసిన సిమెంటు గది, ఆ పక్కన రేకు నిలిపి మరుగు చేసిన స్నానాలగది. ఇటువంటి ఇంటి గోడకు డ్రిల్లు పెట్టేముందు అందులో హానికర పదార్థం ఉన్నదేమో గుర్తించడం ఆరోగ్యశాస్త్ర విషయంగానే చూడబడుతున్నది. కాని ఏ పొర ఎప్పటిదో తెలియనిదే ఆ గుర్తింపు మొదలు కాదు కనుక అది చరిత్ర విషయం కూడా. ఇల్లు ఎంత పాతదైతే గోడ అంత ప్రమాదకరమన్న అభిప్రాయం ఈ ఊరి విషయంలో నిలవదు. ప్రమాదం తొలి కట్టడంలో కంటె తరువాతి మరమ్మతులలోనే ఎక్కువ.

సున్నం, నార, రేకు

ఎద్దులు తిప్పే రాతిచక్రం కింద నూరిన సున్నం, ఇసుక, బెల్లపునీరు, కరక్కాయ కషాయం పాతకాలపు గచ్చుకు మూలద్రవ్యాలు. కాలక్రమంలో గాలిలోని బొగ్గుపులుసు వాయువుతో కలిసి ఈ సున్నం తిరిగి రాయివంటిదవుతుంది. దానిని తొలిచినప్పుడు లేచే ఇసుకధూళి ఊపిరితిత్తులకు మంచిది కాదు, ముక్కుకు రక్షణ అక్కడా అవసరమే. అయితే అందులో రాతినార ఉండదు.

రాతినార ఈ ప్రాంతపు గృహనిర్మాణంలోకి విస్తృతంగా వచ్చింది 1946 తరువాత. ఆ ఏడాది బిర్లాల ఆధ్వర్యంలో హైదరాబాద్ ఆస్బెస్టాస్ సిమెంట్ ప్రాడక్ట్స్ సంస్థ ఏర్పడింది. సికింద్రాబాదుకు పడమట ఉన్న సనత్‌నగర్‌లో దాని కర్మాగారం వెలసింది. అక్కడి రేకులు ‘చార్మినార్’ పేరుతో దేశమంతటా అమ్ముడుపోయాయి. సున్నపు గచ్చుపనికి పేరొందిన 1591 నాటి కట్టడం పేరు సున్నాన్ని వెనక్కి నెట్టిన వస్తువుకు అమరడం గమనింపదగినది. ఇంతకంటె విచిత్రం మరొకటి ఉన్నది. ‘ఆస్బెస్టాస్’కు మూలమైన గ్రీకు పదానికి ‘ఆరనిది’ అని అర్థం. ప్రాచీన గ్రీకులో అది తడపని సున్నానికీ పేరే.

తెలుగులో జరిగింది వేరు. భూగోళ పాఠ్యపుస్తకాలు ఈ ఖనిజాన్ని ‘రాతినార’ అన్నాయి. కడప జిల్లా పులివెందుల ప్రాంతంలో దొరికే తెల్లని క్రిసోటైల్‌ను గురించి చదివిన విద్యార్థికి ఆ మాట పరిచితమే. బజారులో మాత్రం ఆ పేరు లేదు, ‘సిమెంటు రేకు’ అన్నారు. ‘రేకు’ మనకు పూరేకు, రాగిరేకు. పలుచనిది, పొరగా ఉండేది అన్న భావమే తప్ప నార అన్న సూచన అందులో లేదు. తలమీద రేకు ఉన్నవారికి దానిలో రాతినార ఉన్నదన్న ఎరుక కలగకపోవడానికి ఈ పేరు కూడా ఒక కారణమని నా అభిప్రాయం.

గుర్తింపు

ముడతల రేకును పైకప్పులో ఎవరైనా పోల్చుకుంటారు. గోడలో కలిసిపోయినవే చిక్కు తెస్తాయి: సున్నం పూసిన చదును పలకలు, ప్లాస్టిక్ గొట్టాలు రాకముందు వేసిన బూడిదరంగు వాననీటి గొట్టాలు. విరిగిన అంచున దారపు పోగులవంటివి కనిపిస్తే అనుమానం బలపడుతుంది. కనిపించకపోయినంత మాత్రాన లేదని కాదు, ఊపిరితిత్తుల లోతుకు చేరే పోగులు కంటికి ఆనవు. నిర్ధారణ ధ్రువిత కాంతి సూక్ష్మదర్శిని కింద ప్రయోగశాలలో జరగాలి. అంతవరకు ఆ భాగం జోలికి పోకుండా రంధ్రాన్ని పక్కనున్న ఇటుకగోడకు మార్చడమే మేలు.

రంగుల విషయంలోనూ కన్ను మోసపోతుంది. ఇనుప ఊచలకు అడుగుపూతగా వేసిన ఎరుపు సీసపు సింధూరం కావచ్చు, ఇనుముతో చేసిన రెడాక్సైడ్ కావచ్చు. ఇంటి రంగులలో సీసాన్ని 90 పీపీఎమ్‌కు పరిమితం చేసిన 2016 నాటి నియమాలు 2017 నవంబరు 1న అమలులోకి వచ్చాయి. అంతకు ముందటి ఎనామిల్ పూతను పరీక్షించకుండా గీకరాదు.

రాతినార వలన కలిగే వ్యాధి బయటపడటానికి దశాబ్దాలు పడుతుంది. 1995 జనవరి 27న సుప్రీంకోర్టు కన్స్యూమర్ ఎడ్యుకేషన్ అండ్ రిసెర్చ్ సెంటర్ కేసులో కార్మికుని ఆరోగ్యాన్ని జీవించే హక్కులో భాగంగా గుర్తించి, ఆస్బెస్టాస్ కార్మికుల ఆరోగ్య వివరాలను ఉద్యోగంలో చేరిననాటి నుండి కనీసం 40 ఏళ్లు భద్రపరచాలని ఆదేశించడానికి నేపథ్యం ఇదే. దేశంలో రాతినార తవ్వకానికి కొత్త లీజులు ఆగిపోయాయి. దిగుమతి ఖనిజంతో రేకుల తయారీ ఆగలేదు. ఆ తీర్పు చూసింది కర్మాగారాన్ని, గనిని. రోజుకొక ఇంట్లో గోడ తొలిచే విద్యుత్ పనివాని పేరు ఏ ఆరోగ్యపట్టికలోనూ ఉండదు. అతడు పని మొదలుపెట్టేముందు ఇంటివారిని అడగగలిగినది ఒక్కటే: ఈ గది, ఈ గొట్టం ఏ సంవత్సరంలో వేయించారు?