ప్లేట్లెట్లు: లెక్కా, తీరూ

ప్లేట్లెట్లు అనే మాట మన ఇళ్ళలోకి డెంగీతో పాటే వచ్చింది. వానలు మొదలయ్యాయంటే ఎవరో ఒకరు "ముప్పై వేలకి పడిపోయాయట" అని ఫోన్ చేస్తారు, ఇంకొకరు బొప్పాయి ఆకు రసం తాగించమంటారు. మైక్రోలీటరు రక్తంలో లక్షన్నర నుంచి నాలుగున్నర లక్షల దాకా ఉండాలి. నాకు తెలిసిందీ ఆ అంకె ఒక్కటే, పోయినేడాది దాకా.

నాన్నకి షుగరూ బీపీ రెండూ ఉన్నాయి. గుండెపోటు మాత్రం ఎప్పుడూ రాలేదు. వాకింగ్‌లో ఎవరో చెప్పారని రోజూ చిన్న ఆస్పిరిన్ మాత్ర వేసుకోవడం మొదలుపెట్టారు. "రక్తం పలచబడుతుందిరా, మంచిదే" అన్నారు. కొన్ని నెలలకి విరేచనం తారులా నల్లగా అయింది, హిమోగ్లోబిన్ పడిపోయింది. డాక్టరు మాత్ర ఆపించారు. "మరి ఇది మానేస్తే గుండెకేమన్నా అయితే?" అని నాన్న నన్నడిగారు. నేను కోడ్ రాసుకునేవాణ్ణి, నాకేం తెలుసు? వెతుక్కుంటూ పోతే 1882లో ఇటలీలోని ట్యూరిన్‌లో తేలాను.

అంతకుముందు కూడా మైక్రోస్కోపులో ఈ రేణువుల్ని చూసినవాళ్ళున్నారు. కానీ అవేం పని చేస్తాయో తేల్చింది జూలియో బిజ్జొజెరో. ఆయన బతికున్న జంతువుల సన్నటి రక్తనాళాల్లో రక్తం పారుతుండగానే చూశాడు. నాళానికి దెబ్బ తగిలిన చోట ముందుగా వచ్చి అతుక్కునేవి ఇవే. గాయాన్ని మూసేదీ నాళాన్ని పూడ్చేదీ ఒకే పని అన్నమాట. ఎక్కడ జరిగిందన్నదే తేడా.

ఆ అతుక్కోవడాన్ని కొలవడానికి ఎనభై ఏళ్ళు పట్టింది. 1962లో గుస్తావ్ బోర్న్ చేసిన పరికరం నాలాంటి ఇంజనీర్లకి ముచ్చటేస్తుంది. ప్లేట్లెట్లున్న ప్లాస్మా మబ్బుగా ఉంటుంది. దాన్లోంచి కాంతి పంపి, గుంపు కట్టించే పదార్థం కలపాలి. అవి ముద్దకడుతున్న కొద్దీ ద్రవం తేటపడి కాంతి ఎక్కువగా బయటికొస్తుంది. అంతే! అప్పట్నించీ ఎన్ని ఉన్నాయన్నదే కాదు, ఎలా ఉన్నాయన్నదీ కొలవొచ్చు.

షుగరూ బీపీల కథంతా ఈ 'ఎలా'లోనే ఉంది. మామూలుగా ప్లేట్లెట్ చదునైన బిళ్ళలా నిద్రపోతూ పోతుంటుంది. రెచ్చిపోతే ముళ్ళు మొలిచినట్టై పక్కదాన్ని పట్టుకుంటుంది. వాటిని నిద్రపుచ్చే నైట్రిక్ ఆక్సైడ్, ప్రోస్టాసైక్లిన్ నాళం లోపలి పొర నుంచే వస్తాయి. ఏళ్ళ తరబడి చక్కెరా ఒత్తిడీ ఆ పొరని దెబ్బతీస్తాయి. డయాబెటిస్‌లో ప్లేట్లెట్లు కూడా చిన్న కారణానికే రెచ్చిపోతాయి. రిపోర్టులో కౌంట్ మాత్రం నార్మల్‌గానే ఉంటుంది.

ఇక మాత్ర సంగతి. కాలిఫోర్నియాలో లారెన్స్ క్రేవెన్ అనే మామూలు డాక్టరు, టాన్సిల్స్ తీయించుకుని ఆస్పిరిన్ చూయింగ్ గమ్ నమిలినవాళ్ళకి రక్తం ఎక్కువగా పోవడం గమనించాడు. అలాగైతే గుండెలో గడ్డల్నీ ఆపుతుందేమో అనుకున్నాడు. 400 మందికి ఇచ్చాననీ, ఒక్కరికీ గుండెపోటు రాలేదనీ 1950లో రాశాడు. పోల్చి చూడ్డానికి మాత్ర ఇవ్వని గుంపు లేదు. ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు.

ఆస్పిరిన్ ప్రోస్టాగ్లాండిన్ల తయారీని ఆపుతుందని 1971లో జాన్ వేన్ చూపించాడు. ప్లేట్లెట్‌కి కేంద్రకం లేదు, పాడైన ఎంజైమ్‌ని మళ్ళీ తయారుచేసుకోలేదు. అందుకే ఒక్క చిన్న మాత్ర దాని జీవితకాలమంతా, అంటే ఏడు నుంచి పది రోజులు, దాన్ని కట్టిపడేస్తుంది. రక్తం పలచబడటమంటూ ఏమీ లేదు. 1988లో ఐసిస్-2 అనే ప్రయోగంలో గుండెపోటు వచ్చిందని అనుమానమున్న 17,187 మందిని చూస్తే, ఆస్పిరిన్ తీసుకున్నవాళ్ళలో మరణాలు దాదాపు నాలుగో వంతు తగ్గాయి. క్రేవెన్ ఊహలో నిజముంది.

కానీ నాన్న ఆ గుంపులో లేరు. ఆయనలాంటి వాళ్ళ లెక్క 2018లో వచ్చింది. బ్రిటన్‌లో జరిగిన అసెండ్ ప్రయోగంలో షుగరుండి, గుండెజబ్బు బయటపడని 15,480 మందిని ఏడేళ్ళకి పైగా గమనించారు. వెయ్యి మందికి లెక్కేస్తే గుండెపోటు, పక్షవాతం లాంటివి 96 నుంచి 85కి తగ్గాయి. తీవ్రమైన రక్తస్రావాలు 32 నుంచి 41కి పెరిగాయి. పదకొండు మందికి మేలు, తొమ్మిది మందికి కీడు. నాన్న ఆ తొమ్మిది మందిలాంటి వారు. (స్టెంట్ వేయించుకున్నవాళ్ళ, ఒకసారి గుండెపోటు వచ్చినవాళ్ళ లెక్క వేరు. ఇది చదివి మాత్ర ఆపేయకండి.)

ఇదంతా నాన్నకి చెప్పాను. ఓపిగ్గా విన్నారు. చివరికి ఆయనకి గుర్తున్నది క్రేవెనే.

"నాలుగొందల మందిలో ఒక్కడికీ రాలేదన్నావు కదరా?"

"అవును నాన్నా. కానీ ఆ డాక్టరు 1957లో గుండెపోటుతోనే పోయాడు."

కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత బీపీ మెషీన్ ఎక్కడుందో చూడమన్నారు.