కంప్యూటరు నెట్‌వర్కులు: తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతము

తెనాలి, బాపట్ల, రేపల్లె పట్టణములందలి కార్యాలయములలో గదికొకటిగా పుట్టిన కంప్యూటరు నెట్‌వర్కులు కాలక్రమమున రాష్ట్రవ్యాప్త నెట్‌వర్కుతోను, ఆపై దూరస్థములైన డేటా కేంద్రములతోను, అనగా క్లౌడుతోను, కలిసిన చరిత్ర ఇది. 1899లో బెజవాడ–గూడూరు రైలుమార్గమును, 1916లో రేపల్లె శాఖామార్గమును ఏర్పడుటతో తెనాలి కూడలియై, పట్టాల వెంబడి టెలిగ్రాఫు తీగలు సాగినవి. కంప్యూటర్లను కలుపు విద్య మాత్రము దూరదేశమున పుట్టెను: అమెరికాలో 1969లో దూరపు కంప్యూటర్లను కలుపు ఆర్పానెట్టు, 1973లో ఒకే చోటి కంప్యూటర్లను తీగతో కలుపు ఈథర్నెట్టు ఉద్భవించెను. 1983 జనవరి 1న ఆర్పానెట్టులో, నెట్‌వర్కులు పరస్పరము సమాచారము మార్చుకొనుటకైన టీసీపీ-ఐపీ నియమావళి అమలయ్యెను. భారతదేశమున సామాన్య ప్రజలకు ఇంటర్నెట్టు 1995 ఆగస్టు 15న లభించెను.

ఈ ప్రాంతపు రైతులకును, గృహస్థులకును మిక్కిలి సన్నిహితముగా పరిచితమైన నెట్‌వర్కు రిజిస్ట్రేషను శాఖవారిది. ఐ.ఏ.ఎస్. అధికారి జె. సత్యనారాయణ రూపకల్పనలో 1998 నవంబరు 4న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ రాష్ట్రమునందలి 214 సబ్‌రిజిస్ట్రారు కార్యాలయములలో ఆరంభమైన ‘కార్డ్’ అను రిజిస్ట్రేషను కంప్యూటరీకరణ పథకము క్రమముగా తక్కిన కార్యాలయములకును విస్తరించెను. అంతకు పూర్వము దస్తావేజు నకలును గుమాస్తా దళసరి సంపుటములలో చేతివ్రాతతో ఎక్కించుచుండుటయు, ఈసీ, అనగా ఆస్తిపై గల లావాదేవీలను తెలుపు ధ్రువపత్రము, కోరి వచ్చినవానికొరకు ఏండ్ల తరబడి సూచికలను పుటపుటగా వెదకుటయు, అందుకై రోజులు గడచుటయు ఆనవాయితీ. కార్డ్ వచ్చిన పిదప కార్యాలయమున ఒక సర్వరు, దానికి తీగలతో కలిపిన కొన్ని కంప్యూటర్లు అమరినవి; మార్కెట్టు విలువయు, స్టాంపు సుంకమును యంత్రమే లెక్కగట్టుచుండగా, దస్తావేజును స్కాను చేసి భద్రపరచుచుండిరి; ఈసీ నిమిషములలో చేతికందుచుండెను. ఇట్టి శ్లాఘనీయమైన నిర్మాణమునకును ఒక హద్దు ఉండెను: సర్వరు ఏ కార్యాలయమునకు ఆ కార్యాలయమునదే గనుక, రేపల్లె పొలము సంగతి తెనాలి యంత్రమునకు తెలియకుండెను.

ఈ హద్దును దాటించుటకై రాజధాని, జిల్లా, మండలము అను మూడంచెల రాష్ట్ర విశాల ప్రాంత నెట్‌వర్కు ఏర్పడెను. తరువాత విద్యుత్ స్తంభములనే ఆధారముగా గొని దాదాపు 24,000 కిలోమీటర్ల ఫైబరు తీగను రాష్ట్రమంతట పరచిన ఏపీ ఫైబర్ గ్రిడ్‌ను 2017 డిసెంబరు 27న రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించిరి.

ఇక క్లౌడు సంగతి: స్థానిక నెట్‌వర్కును డేటా కేంద్రములందలి అద్దె సర్వర్లవరకు పొడిగించు సౌకర్యమును అమెజాను సంస్థ 2009లో ప్రవేశపెట్టెను. కార్యాలయపు రౌటరు నుండి డేటా కేంద్రమువరకు గుప్తలిపితో కూడిన ‘వీపీఎన్’ మార్గమును వేయగా, దూరపు సర్వరు ప్రక్క గదిలోనిదివలె పలుకును. అయితే 192.168తో మొదలగు అంతరంగిక చిరునామాలను ఎవరికి వారే ఎంచుకొన్న రెండు శాఖలను కలుపునపుడు, ఒకే సంఖ్య ఇరుచోట్ల ఉండుటచే తటస్థపడి, సమాచారము దారి తప్పును. నెట్‌వర్కు పనివారికి ఇది నిత్యానుభవము. కేంద్రప్రభుత్వ ‘మేఘరాజ్’ క్లౌడు 2014లోను, అమెజాను వారి హైదరాబాదు డేటా కేంద్రము 2022 నవంబరులోను వెలసినవి.

2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల సమీపముననే తీరము దాటెను. ఇట్టి తీరమున దస్తావేజులు సుదూర సర్వర్లలో నుండుట మేలే. కాని వానిని చేరు ఫైబరు స్తంభములపైననే వ్రేలాడుచున్నందున, మొబైలు మార్గమున రెండవ వీపీఎన్ నొకదానిని ముందుగానే సిద్ధపరచుకొనుట కార్యాలయములకు అవసరమైనది.