ఓడిపోయిన ఇంక్విలాబ్, తాగుబోతు జాసూస్: ఒక ఆట చెప్పిన దాస్తాన్

మన ఇళ్లల్లో కంప్యూటర్ ఆట అనగానే అమ్మీలకు కోపమొస్తుంది. "పొద్దస్తమానం ఆ డబ్బా ముందేనా, కితాబ్ ముట్టుకునేదే లేదా?" అంటారు. ఆ కోపం నాహక్ కాదు. కానీ ఈసారి నేను రాస్తున్నది చదవకుండా ఆడటం కుదరని ఆట గురించి. అందులో ఉన్నవి పది లక్షలకు పైగా మాటలు. కాల్చడం, పరిగెత్తడం దాదాపు లేవు. ఉన్నదంతా గుఫ్తగూ. పేరు డిస్కో ఎలీసియమ్. 2019 అక్టోబర్ 15న వచ్చింది.

ముందే ఒక మాట. ఇది పిల్లల ఆట కాదు. షరాబ్, నషా, బండ బూతులు నిండుగా ఉంటాయి. పెద్దలు ఆడేదే, పెద్దలు మాట్లాడుకోవాల్సిందే. ఇంకో మాట, కాతిల్ ఎవరో నేను ఈ వ్యాసంలో చెప్పేస్తున్నాను. చెప్పకుండా దీని మంచిచెడులు తూచలేం.

ఈ కథ పుట్టింది ఎస్టోనియాలో. బాల్టిక్ సముద్రం ఒడ్డున ఉన్న చిన్న ముల్క్. 1940లో సోవియట్ సేనలు వచ్చాయి, 1941లో నాజీలు వచ్చారు, 1944లో మళ్లీ సోవియట్‌లు వచ్చి 1991 దాకా ఉన్నారు. ప్రతి హుకూమత్ తానే ఆజాదీ తెచ్చానంది. అలాంటి చోట, 1984లో తాలిన్ నగరంలో పుట్టినవాడు రాబర్ట్ కుర్విట్స్. ఏడేళ్ల వయసులో ఒక జెండా దిగి ఇంకో జెండా ఎక్కడం చూసిన తరం అది. పెద్దయ్యాక దోస్తులతో కూర్చుని బల్ల మీద పాచికలు వేస్తూ ఒక ఊహాలోకాన్ని ఏళ్ల తరబడి కట్టుకున్నాడు. ఆ లోకం మీద 2013లో ఎస్టోనియన్ భాషలో నవల రాశాడు. అది వెయ్యి కాపీలకు అటూ ఇటూ అమ్ముడుపోయి ఆగిపోయింది. మాయూసీలో కూరుకుపోయిన అతన్ని ఆట వైపు మళ్లించింది కౌర్ కెండర్ అనే ఇంకో రచయిత.

బల్ల మీద పాచికలతో కథ చెప్పుకోవడం మనకు కొత్తగా అనిపించొచ్చు. అమెరికాలో 1974లో 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' అనే ఆటతో ఆ రివాజ్ మొదలైంది. ఒకడు కథ చెబుతాడు, మిగతావాళ్లు అందులో కిర్దార్‌లవుతారు. ఏం జరుగుతుందో పాచికలు తేలుస్తాయి. నాకైతే వెంటనే మన దాస్తాన్‌గోలు గుర్తొచ్చారు. ఢిల్లీ జామా మసీదు మెట్ల దగ్గర గుంపు మూడ్ చూసి కథను సాగదీసే, తుంచే, మలుపు తిప్పే కళ అది. 1883 నుంచి లక్నో నవల్ కిషోర్ ప్రెస్ 'తిలిస్మ్-ఎ-హోష్‌రుబా'ను అచ్చేసింది. ఢిల్లీలో పాత తరం ఆఖరి దాస్తాన్‌గో మీర్ బాఖర్ అలీ 1928లో పోయాడు. వినేవాడు కథలో వేలు పెట్టగలిగే ఆ ఆదత్ అచ్చు పుస్తకంలో పోయింది. కంప్యూటర్ ఆట దాన్ని వేరే దారిలో వెనక్కి తెచ్చింది.

కథలోకి వద్దాం. రెవషోల్ అనే షహర్, అందులో మార్టినేజ్ అనే రేవు మొహల్లా. ఒక సరాయి వెనక చెట్టుకు ఏడు రోజులుగా ఒక శవం వేలాడుతోంది. తహ్‌ఖీఖ్‌కు వచ్చిన జాసూస్ పని చేయకుండా మూడు రోజులు తాగి, గది ధ్వంసం చేసి, తన పేరు కూడా మరిచిపోయి నేల మీద లేస్తాడు. బిల్లా లేదు, తుపాకీ లేదు. అతనే మనం. తాగుడు ఎరగని, తడబాటు తెలియని ఇబ్నె సఫీ కర్నల్ ఫరీదీని చదివి పెరిగిన ఉర్దూ మీడియం పిల్లలకు ఇది పెద్ద షాక్. ఫరీదీ దగ్గర అన్నిటికీ జవాబు ఉండేది. వీడికి అద్దంలో ముఖం చూసుకోవడమే భయం.

యాభై ఏళ్ల కింద ఈ షహర్‌లో ఇంక్విలాబ్ వచ్చింది. బాద్‌షాను దించి కమ్యూన్ పెట్టారు. కొన్నేళ్లకే బయటి దేశాల ఫౌజ్‌లు దిగి దాన్ని నలిపేశాయి. ఇప్పుడు ఆ దేశాల యుద్ధనౌకలు షహర్ మీద గాలిలో కాపలా కాస్తుంటాయి, డబ్బంతా వాళ్లదే. పేరే చెబుతోంది, దీని వెనక 1871 పారిస్ కమ్యూన్ ఉంది. అది మార్చి 18న మొదలై మే 28న రక్తంలో ముగిసింది. చివరి రోజుల్లో 147 మందిని పేర్ లాషేజ్ ఖబ్రస్తాన్ గోడకు నిలబెట్టి కాల్చారు. ఆ గోడ ఇప్పటికీ ఉంది. ఆటలో కూడా గుళ్ల గుంటలు పడ్డ గోడ ఉంది. జాసూస్ బుద్ధి పని చేస్తే ఆ గుంటలు చూసి ఎవరు ఎక్కడ నిలబడ్డారో, గుళ్లు ఎటు నుంచి వచ్చాయో లెక్క కట్టొచ్చు. కేసుకు దానితో ఏ సంబంధం లేదు. అయినా ఆట మనల్ని అక్కడ ఆపుతుంది.

ఈ కథనంలో మొదటి ఖూబీ ఇదే. తారీఖ్‌ను పాఠంలా చెప్పదు, గోడల్లో, గుంటల్లో, ముసలివాళ్ల అలవాట్లలో దాచిపెడుతుంది. ఫిరంగి గుండు పడ్డ గుంట పక్కన ఇద్దరు ముసలాళ్లు ఇనుప గుండ్లాట ఆడుకుంటుంటారు. ఒకడు బాద్‌షా తరఫున పోరాడిన సిపాయి, ఇప్పటికీ యూనిఫాం విప్పలేదు. ఇంకొకడు యుద్ధం వద్దనుకున్నవాడు. ఇద్దరూ ఒకే అమ్మాయిని ప్రేమించారు. ఇంక్విలాబ్‌ను ద్వేషించేవాడి గవాహీని కూడా ఆట సబ్ర్‌తో వింటుంది.

రెండో ఖూబీ ఆ జాసూస్ తలలోని ఆవాజ్‌లు. 24 గుణాలు, 24 గొంతులు. తర్కం ఒకటి, అధికారం ఒకటి, హమ్‌దర్దీ ఒకటి, షహర్ వణుకును వెన్నులో వినేది ఇంకొకటి. అన్నీ మధ్యలో దూరి సలహాలిస్తాయి, ఒకదాన్నొకటి తిట్టుకుంటాయి, చాలాసార్లు అబద్ధం చెబుతాయి. నఫ్స్ గురించి మదర్సాలో విన్న మనకు ఇది అర్థం కాని సంగతి కాదు. చెడు వైపు లాగే నఫ్స్-ఎ-అమ్మారా, మందలించే నఫ్స్-ఎ-లవ్వామా పక్కపక్కనే కూర్చుని వాదించుకున్నట్టు ఉంటుంది. మనిషి లోపలి కష్మకష్‌ను ఇంత బాగా చూపిన ఆట నేను చూడలేదు.

మూడోది ఓటమికి ఇచ్చిన చోటు. పాచిక పడకపోతే మామూలు ఆటల్లో వెనక్కి వెళ్లి మళ్లీ ఆడతాం. ఇక్కడ ఓడితేనే కొన్నిసార్లు మంచి సీన్ దొరుకుతుంది. ఫ్యాన్‌కు వేలాడుతున్న టైను లాగబోయి గుండె ఆగి చచ్చిపోవచ్చు, ఆట మొదలైన రెండు నిమిషాలకే! సముద్రం ఒడ్డున తాగి పడి చనిపోయిన ఒక మామూలు మనిషి శవం దొరుకుతుంది. అతని భార్యకు ఖబర్ చెప్పాలి. ఆ గుమ్మంలో ఏ తెలివీ పనికిరాదు. జర్నలిస్టుగా ఇలాంటి గుమ్మాల ముందు నిలబడ్డవాడిని, ఆ సీన్‌లో ఒక్క మాట కూడా ఎక్కువ లేదని చెప్పగలను.

నాలుగోది కిమ్ కిట్సురాగి. జాసూస్‌కు సాథీగా వచ్చిన వేరే ఠాణా అఫ్సర్. అతని పూర్వీకులది సియోల్ అనే దూరదేశం. అతను పుట్టింది, పెరిగింది, ఉద్యోగం చేస్తున్నది ఈ షహర్‌లోనే. అయినా ఒక లారీ డ్రైవర్ అతని ముఖం చూసి "రెవషోల్‌కు ఖుషామదీద్" అంటాడు. "మీకు తెలుగు భలే వచ్చే, ఎక్కడ నేర్చుకున్నారు?" అని అడిగించుకున్న మనవాళ్లెవరికైనా ఆ ఒక్క వాక్యం చాలు. కిమ్ గొడవపడడు, ఉపన్యాసమివ్వడు. కళ్లద్దాలు సర్దుకుని పని చేసుకుపోతాడు. ఆ ఖామోషీలో ఎంత అలసట ఉందో రచయితలు మనకే వదిలేశారు.

ఇక ఖామీలు. అవీ చిన్నవి కావు.

1929లో రోనాల్డ్ నాక్స్ అనే పాద్రీ జాసూసీ కథలకు పది ఉసూల్‌లు రాశాడు. మొదటిది, ముజ్రిమ్ కథ మొదట్లోనే మనకు కనపడాలి. డిస్కో ఎలీసియమ్ ఈ ఉసూల్‌ను పూర్తిగా తుంచేసింది. చచ్చినవాడు కంపెనీ పంపిన కిరాయి సిపాయి. రేవు కూలీల యూనియన్ కుర్రాళ్లు మేమే ఉరి తీశామంటారు, అదీ అబద్ధమని తేలుతుంది. ఉరికి ముందే అతను గుండు తగిలి చనిపోయాడు. యూనియన్ నాయకుడు, కంపెనీ బీబీ, సరాయిలో ఉన్న అమ్మాయి, అందరి మీదా షక్ కలుగుతుంది. చివర్లో పడవెక్కి ఒక ద్వీపానికి వెళితే, అప్పటిదాకా ముఖం చూడని ఒక ముసలాయన "నేనే కాల్చాను" అంటాడు. ఇరవై ముప్పై గంటలు బుర్ర పెట్టి చదివినవాడికి ఇది బేఇన్సాఫీయే. సమర్థించేవాళ్లు అంటారు, నిజమైన కేసులు ఇలాగే తేలతాయని. నిజమే, నేనూ అలాంటివి చూశాను. కానీ కథ చెప్పేవాడు వినేవాడితో ఒక కరార్ చేసుకుంటాడు. సరాగ్‌లు చూపిస్తూ తీసుకెళ్లి, చివర్లో అవి పనికిరావంటే ఆ కరార్ తప్పినట్టే.

ఇంకోటి, ఇఖ్తియార్ మన చేతుల్లో ఉన్నట్టు కనిపిస్తుంది గానీ తక్కువే. కూలీలకు, కిరాయి సిపాయిలకు మధ్య కాల్పులు ఏం మాట్లాడినా ఆగవు, ఎంతమంది చస్తారన్నదే మారుతుంది. షహర్ మీద రాబోయే తుఫాను సంగతి తేలకముందే కథ ముగుస్తుంది. మాటల వరద కూడా భారమే. ఒక్కో చోట రచయిత తన ఇల్మ్ చూపించుకుంటున్నాడే తప్ప కథ కదలదు. సియాసత్ విషయంలోనూ ఒక చిక్కు ఉంది. కమ్యూనిస్టు, ఫాసిస్టు, సర్మాయాదార్, మధ్యేవాది, నలుగురినీ ఒకే తక్కెడలో పెట్టి వెక్కిరిస్తుంది. 2019 గేమ్ అవార్డుల్లో నాలుగు ఇనామ్‌లు గెలిచి, వేదిక మీద మార్క్స్, ఏంగెల్స్‌లకు షుక్రియా చెప్పిన బృందం ఇది. వాళ్లకు ఒక పక్షం ఉంది. ఆటలో మాత్రం ఎన్నోసార్లు హాస్యం చాటున దాక్కుంటారు.

అసలు సవాల్ ఆ ముసలాయన దగ్గరే. అతను కమ్యూన్ సిపాయి. సాథీలంతా చచ్చాక పాడుబడ్డ ఖిలాలో నలభై ఏళ్లకు పైగా ఒంటరిగా దాక్కుని, తుపాకీ దుర్బీన్‌లోంచి షహర్‌ను చూస్తూ బతికాడు. ఇది గప్ కాదు. జపాన్ సైనికుడు హిరూ ఒనోడా 1944లో ఫిలిప్పీన్స్‌లోని లుబాంగ్ ద్వీపానికి వెళ్లి, యుద్ధం అయిపోయిందని నమ్మకుండా 1974 దాకా అడవిలో ఉండిపోయాడు. ఆ ఏళ్లలో అక్కడి మామూలు జనాన్ని చంపాడు కూడా. విశ్వాసం నఫ్రత్‌గా ఎలా మారుతుందో ఆట నిజాయితీగానే చూపింది. ఆ గుండు వెనక ఇంక్విలాబ్ ఎంతుందో, కిటికీలో కనపడే అమ్మాయి మీద అసూయ అంతే ఉంది.

అయినా నాకు ఒక ముల్లు గుచ్చుకుంటుంది. ఓడిపోయినవాళ్లలో మిగిలిన ఆఖరి మనిషినే కాతిల్‌ను చేస్తే, నలిపేసిన ఫౌజ్‌లు నేపథ్యంలోకి జారిపోతాయి. ఆ గోడ దగ్గర వందలమందిని కాల్చినవాళ్లను ఎవరూ అరెస్టు చేయరు. ఒక్క గుండు కాల్చిన ముసలాయన చేతికి బేడీలు పడతాయి. రచయితలు ఈ వైపరీత్యం తెలిసే రాశారని ఆట నిండా ఆధారాలున్నాయి. కానీ చివరి సీన్‌లో దాన్ని గట్టిగా అడిగే గొంతు 24లో ఒక్కటీ లేదు.

ఈ మాట మనకెందుకంటారా? మన దగ్గరా ఒక గోడ ఉంది. 1948 సెప్టెంబర్ 13న మొదలైన హైదరాబాద్ పోలీస్ యాక్షన్ ఐదు రోజుల్లో ముగిసింది. ఆ తర్వాత జిల్లాల్లో ముసల్మానుల మీద జరిగిన ఖత్ల్‌పై పండిట్ సుందర్‌లాల్, ఖాజీ అబ్దుల్ గఫ్ఫార్‌ల కమిటీ తిరిగి రాసిన నివేదిక దశాబ్దాలపాటు మామూలు జనానికి అందలేదు. దానికి ముందు రజాకార్ల జుల్మ్ నిజం, దొరల జుల్మ్ నిజం, రైతుల పోరాటం నిజం. తర్వాత బావుల్లో తేలిన శవాలూ నిజం. మన దగ్గర ఒక్కొక్కరు ఒక్కో నిజాన్నే పట్టుకుని మిగతావాటికి చెవులు మూసుకుంటారు. మన బుజుర్గ్‌లు చాలామంది అసలు నోరే విప్పలేదు.

ఆ తరహా తారీఖ్‌కు డిస్కో ఎలీసియమ్ ఒక తరీఖా చూపిస్తుంది. బాద్‌షా సిపాయినీ విను, కమ్యూన్ సిపాయినీ విను, ఇద్దరి మధ్య నలిగిన ఆడమనిషినీ విను. నువ్వే పెద్ద ముజ్రిమ్‌వన్న సంగతి మరవకుండా విను. అందులోని ఖామీ కూడా ఒక పాఠమే. అందర్నీ విన్నాక ఇన్సాఫ్ ఎవరి నుంచి మొదలవ్వాలో చెప్పాల్సిన బాధ్యత కథ చెప్పేవాడి మీద ఉంటుంది. వినడంతో ఆ పని అయిపోదు.

ఆ రచయితల తర్వాతి కథా చేదుగానే ఉంది. కుర్విట్స్, చిత్రకారుడు అలెక్సాండర్ రోస్తోవ్, రచయిత్రి హెలెన్ హిండ్‌పెరే 2021లోనే కంపెనీ నుంచి బయటికెళ్లారని 2022 అక్టోబర్‌లో లోకానికి తెలిసింది. ఆ తర్వాత అదాలత్ తగాదాలు. సర్మాయా చేతిలో ఓడిన షహర్ కథ రాసినవాళ్లే తమ షహర్ మీద ఇఖ్తియార్ పోగొట్టుకున్నారు.

అయితే ఆట మాయూసీతో ముగియదు. ఆ ద్వీపంలోనే, రెల్లు మధ్య, ఎవరూ నమ్మని ఒక పెద్ద పురుగు నిలబడి కనిపిస్తుంది. చిన్నప్పుడు దాన్ని చూశానని చెప్పి, ఏళ్లు గడిచేకొద్దీ తన మీద తనకే షక్ పెంచుకున్న ఒక ముసలమ్మ ఈ కథలో ఉంది. కిమ్ కెమెరాకు ఆ పురుగు చిక్కుతుంది. ఆమె చూసింది అబద్ధం కాదు. నా లెక్కలో ఈ దాస్తాన్‌లో అసలైన తీర్పు అదే. కాతిల్ పట్టుబడటం కన్నా, ఒక ముసలమ్మ గవాహీ నిజమని తేలడం పెద్ద సంగతి.